పిందె పట్టని తోట

నర్సింగమ్మ చెయ్యి మంచిది కాదని ఊళ్లో మొట్టమొదట ఎవరన్నారో ఇప్పటికీ తేలలేదు. ఎవరన్నా సరే, అన్న నోట్లో మన్ను పడ! హాలియాకు మూడు మైళ్ల దూరంలో, సాగర్ కాలువ కింద ఉన్న ఆ ఊళ్లో ఇరవై ఏళ్ల పాటు ఏ మంచి పని మొదలుపెట్టినా ముందు పిలుపు వెళ్లింది ఆమె ఇంటికే. వానాకాలం విత్తనం వేస్తే మొదటి పిడికెడు ఆమె చల్లాలి. మామిడి తొక్కు కలిపితే మొదటి ముక్క జాడీలో ఆమె వెయ్యాలి. కొత్త బర్రెను కొట్టంలో కట్టేసినా పలుపు ముడి నర్సింగమ్మే వెయ్యాలి. ఆమె ముట్టుకుంటే ఎండుకట్టె కూడా చిగురేస్తుందని చెప్పుకున్న జనమే ఇవాళ ఆమె ఎదురైతే నెత్తిమీది నారుకట్ట మీద కొంగు కప్పుకుంటున్నారు. నరం లేని నాలుకలు మరి, ఎటైనా తిరుగుతాయి.

దీనికంతటికీ కారణం కోకో చెట్లు.

ఎనభై అయిదులో ఒక చాక్లెట్ కంపెనీ వాళ్లు జీపేసుకుని వచ్చారు. కొబ్బరి నీడ, కాలువ తడి ఉన్నచోట కోకో బ్రహ్మాండంగా పండుతుందన్నారు. మొక్కలు తామే ఇస్తామన్నారు. పండిన గింజంతా తమ లారీయే వచ్చి ఎత్తుకుపోతుందన్నారు. ఊరు నవ్వింది. పిల్లలు చప్పరించే బిళ్లలు చెట్లకు కాస్తాయట, చూడాల్సిందేనని చాయ్ హోటల్లో వారం పాటు అదే ముచ్చట. నర్సింగమ్మ మొగుడు ఐలేశం మాత్రం నవ్వలేదు. కాలువ వచ్చిన కొత్తలో వాళ్ల నాయిన పెట్టిన కొబ్బరి తోట అతనికి ఎకరమున్నర ఉంది. చెట్ల కింద జాగా ఖాళీగానే పడి ఉంది. రెండు వందల మొక్కలకు వేలిముద్ర వేశాడు. పై తూము దగ్గర కొబ్బరి తోట ఉన్న మెహమూద్ కూడా రెండు వందలు రాయించుకున్నాడు.

మెహమూద్ మొక్కలు దించుకున్న రోజునే వీళ్ల వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. "అక్కా, నా తోటల గూడ నువ్వే పెట్టాలె. నీ చెయ్యి వడ్తెనే నాకు నిమ్మళం" అన్నాడు. అతని భార్య హలీమా అప్పుడు ఆరోగ్యంగా ఉన్న మనిషి, పక్కనే ఉండి నవ్వుతూ గంప అందించింది. మూడు రోజుల్లో నాలుగు వందల మొక్కలూ నర్సింగమ్మ ఒక్కతే నాటింది. నడుము పట్టేసి నాలుగో రోజు లేవలేకపోయింది గానీ, ఒక్క మొక్కంటే ఒక్క మొక్క చావలేదు.

ఇక ఆమె ఆ తోటను చూసుకున్న తీరు చెప్పాలంటే నాకే నవ్వూ ఏడుపూ రెండూ వస్తాయి. మా వైపు బత్తాయి తోటలు చూసినవాళ్లకు తెలుస్తుంది. చెట్టు కింద ఆకు పడి ఉంటే ఆ ఇంటి ఆడదానికి పరువు తక్కువ. పాములొస్తాయి, తేళ్లొస్తాయి, చెదలు పడతాయి. అందుకని పాదులు అద్దంలాగా ఉంచుకుంటారు. నర్సింగమ్మ తన కోకో చెట్లనూ అట్లాగే సాకింది. తెల్లారేసరికి కట్టె చీపురు పట్టుకుని తోటలో ఉండేది. ఒక కొస నుంచి ఇంకో కొసకు ఊడ్చి, ఆకంతా కుప్ప పోసి అంటించి, బూడిద తెచ్చి మొదళ్లలో పోసి, అప్పుడు గానీ ఇంటికి వచ్చి చాయ్ తాగేది కాదు. ఆ తోటలో వడ్లు ఆరబోసుకోవచ్చు, అంత శుభ్రం. ఐలేశానికి అంతకు ముందు పత్తి వేసిన అలవాటు ఉంది కదా, పదిహేను రోజులకొకసారి పంపు వీపుకు కట్టుకుని పురుగుల మందు కొట్టేవాడు. ఒక్క చీడ పురుగు కనపడితే ఒట్టు.

కంపెనీ తరఫున సత్తిరాజు అని గోదావరి జిల్లా అతను ఆరు నెలలకొకసారి చూసి వెళ్లేవాడు. అప్పుడే చదువు ముగించుకుని వచ్చిన పిల్లవాడు, ముప్పై కూడా లేవు. మొదటిసారి తోటలో అడుగుపెట్టి "అబ్బ, ఎంత శుభ్రంగా ఉంచారమ్మా! మిగతావాళ్లు మిమ్మల్ని చూసి నేర్చుకోవాలి" అన్నాడు. నర్సింగమ్మ ఆ మాట మూడు నెలలు ఊరంతా చెప్పుకుంది. నిజంగానే మిగతావాళ్లు నేర్చుకున్నారు కూడా. చుట్టుపక్కల ఊళ్లలో కోకో పెట్టిన నలభై మంది ఇళ్ల ఆడవాళ్లూ చీపుర్లు పట్టారు.

ఎనభై ఎనిమిదిలో పూత వచ్చింది. కోకో పూత చూసినవాళ్లు తక్కువ. కొమ్మ చివర పూయదది. నేరుగా మాను మీద, బెరడులోంచి, చిన్నచిన్న తెల్లపూలు గుత్తులు గుత్తులుగా తన్నుకొస్తాయి. నర్సింగమ్మ చెట్టు చెట్టుకూ బొట్టు పెట్టింది. ఊరికి బెల్లం పంచింది. మూడో రోజుకు పూలన్నీ రాలిపోయాయి. మళ్లీ పూశాయి, మళ్లీ రాలాయి. ఒక్క పిందె నిలవలేదు. ఎనభై తొమ్మిదిలో అంతే, తొంభైలో అంతే. ఐలేశం మందు వారానికొకసారి కొట్టడం మొదలుపెట్టాడు. నర్సింగమ్మ రాలిన పూలు కూడా ఊడ్చి పారబోసింది. ఎంత చేస్తే అంత దరిద్రం. సత్తిరాజు "వచ్చే సీజనుకు చూద్దామండీ" అంటూ అంటూ చివరికి రావడమే మానేశాడు. నలభై తోటల్లోనూ ఇదే కథ. ఒకరి వెనక ఒకరు నరికేసి వరి పెట్టుకున్నారు. ఇక్కడి నేలకు కోకో రాదని తేల్చేశారు.

కానీ ఊరికి ఆ మాట చాలలేదు. నేల మంచిదే, కాలువ మంచిదే, మరి పూసిన చెట్టు కాయదేం? నాటిన చెయ్యి తేడా అయి ఉండాలి. ఇట్లా ఎవరో అన్నారు. మిగతా నలభై తోటల సంగతి ఎవరికి గుర్తుంటుంది, కళ్లముందు కనిపించేది నర్సింగమ్మ తోట ఒక్కటే కదా! పోనీ మెహమూద్ తోట సంగతేమిటని అడిగినవాడూ లేడు. హలీమాకు కడుపులో గడ్డ లేచి, తొంభై వానాకాలంలో మెహమూద్ ఆమెను పట్నం దవాఖానకు తీసుకుపోయాడు. పదహారు నెలలు అక్కడే చుట్టాల ఇంట్లో ఉండిపోయారు. ఇంటికి తాళం, తోటకు దేవుడే దిక్కు. ఆ దిక్కు పోయిన మనిషే లేడు.

మరుసటి ఎండాకాలం అరుణమ్మ ఇంట్లో మామిడి తొక్కు కలిపే రోజున జరిగింది అసలు అవమానం. పద్దెనిమిదేళ్లుగా ఆ ఇంటి జాడీలో మొదటి ముక్క వేసింది నర్సింగమ్మే. ఆ రోజు పిలుపు రాకపోయినా, మరిచిపోయారేమోలే అనుకుని తనే వెళ్లింది. అరుణమ్మ గబగబా లేచి జాడీ మీద మూత పెట్టింది.

"గీ యేడు మా కోడలే పెట్టిందక్కా. నువ్వు జర కూసో, చాయ్ తాగు" అంది.

నర్సింగమ్మ కూర్చుంది. ఎదురుగా గంప నిండా మామిడి ముక్కలు. కారం పక్కన పళ్లెంలో పోసింది పోసినట్టే ఉంది. ఇంకా ఎవరూ ఏమీ కలపలేదు. ఆమె కళ్లతో చూసింది, అరుణమ్మ ఆమె చూడటం చూసింది. నర్సింగమ్మ ఆ వేడి చాయ్ గొంతు కాలేలా గుటగుటా తాగేసి బయటికి వచ్చింది. ఇంటికి వచ్చాక తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చాలాసేపు చూసుకుంది.

వానాకాలంలో గుర్వయ్య మిరపనారు చచ్చిపోయింది. చాయ్ హోటల్లో నలుగురిలో "నర్సింగమ్మ నీడ వడ్డది, ఇగ నారెట్ల బతుకుద్ది" అన్నాడు. ఐలేశం అక్కడే బెంచీ మీద ఉన్నాడు. గ్లాసు కింద పెట్టి ఇంటికి వచ్చాడు. వచ్చి అన్నం ముందు కూర్చుని, ముద్ద కలపకుండానే చెప్పాడు.

"ఇగ చాలు. గా చెట్లు ఉన్నన్ని దినాలు నిన్ను బతకనియ్యరు. కొట్టేస్త. మడి గట్టి యాసంగికి వరి పెడ్త."

నర్సింగమ్మ గరిటె పక్కన పడేసింది.

"కొట్టకు. నీ కాళ్లు మొక్కుత, కొట్టకు" అంది. "చెట్లు వోతే ఇగ నా మీద మాట ఖాయమైతది. గవి నిలవడి ఒక్క కాయ గాస్తెనే నా చెయ్యి నాకు మళ్లొస్తది. ఒక్క కారు ఆగు."

ఐలేశం పళ్లెంలోకి చూస్తూ ముద్ద కలిపాడు. తరువాత "సరే తియ్, చూద్దాం" అన్నాడు. ఆమె నమ్మింది. ఇరవై అయిదేళ్లలో అతను ఆమెకు అబద్ధం చెప్పిన మనిషి కాదు, ఎందుకు నమ్మదు?

కార్తీకం వెళ్లిపోతుండగా మెహమూద్ వాళ్లు పట్నం నుంచి తిరిగొచ్చారన్న కబురు తెలిసింది. మరునాడు పొద్దున్నే ఐలేశం "హలీమాను చూసి రాపో. రెండు కొబ్బరికాయలు తీస్కపో. తొందరేం లేదు, మాపటిదాంక ఉండి రా" అన్నాడు. ఎన్నడూ లేంది అంత ప్రేమగా పంపుతుంటే ఆమెకు కాస్త వింతగా ఉంది. అయినా చీపురు మూలన పెట్టి కొబ్బరికాయలు కొంగున కట్టుకుని కాలువ కట్ట మీద బయల్దేరింది. ఆరేళ్లలో ఆమె తోట ఊడవని మొదటి పొద్దు అది.

హలీమా మంచం మీద ఎముకల గూడులా ఉంది, కానీ బతికి బట్టకట్టింది. నర్సింగమ్మను చూడగానే "అక్కా" అని చెయ్యి చాపింది. ఆ చెయ్యి పట్టుకోవడానికి నర్సింగమ్మ వెనకాడింది. హలీమాకు అర్థం కాలేదు, తనే లాక్కుని పట్టుకుంది. ఇన్ని నెలల తరువాత తన చేతిని ఒకరు అడిగి మరీ పట్టుకుంటే నర్సింగమ్మకు ఏడుపు ఆగలేదు.

"తోటకు ఇంక పోలే నేను. పదహారు నెలలాయె, అడివైపోయింటది. జర జూసొద్దాం రా అక్కా" అన్నాడు మెహమూద్.

ఇంటి వెనకే తోట. తడిక తోసుకుని లోపలికి అడుగు పెట్టగానే నర్సింగమ్మ కొంగుతో ముక్కు మూసుకుంది. పిక్కలదాకా ఆకు! పై తూము కాలువ నీళ్లు ఊరి ఊరి, ఆకంతా నల్లగా కుళ్లి ముద్దయి, అదొక ముక్క వాసన. ఈగలో దోమలో, కంటికి ఆనని పురుగులేవో ముసురుకుని ముక్కులోకి పోతున్నాయి. కొబ్బరి మట్టలు పడ్డచోటే పడి ఉన్నాయి.

"ఛీ ఛీ, ఏం గలీజురా తమ్మీ! గిట్లనా తోట బెట్టేది? ఒక చీపురు తే, నేను ఊడ్సి పోత" అంటూ ఆమె వంగి రెండు చేతులతో ఆకు తోసింది. లేవబోతుంటే నెత్తికి ఏదో గట్టిగా తగిలింది.

తల ఎత్తి చూసింది. కాయ.

బొప్పాయి పిందంత కాయ, పసుపుపచ్చగా, గీతలు గీతలుగా, మానుకు అతుక్కుని వేలాడుతోంది. దాని పక్కన ఇంకొకటి. దాని కింద మూడు. మొదలు నుంచి పంగ దాకా కాయలే. పక్క చెట్టు చూసింది. దానికీ కాయలే. దాని వెనక చెట్టుకూ, దాని వెనక చెట్టుకూ! కంపెనీ కాగితం మీద బొమ్మలో తప్ప ఆమె ఎన్నడూ చూడని కోకో కాయలు కనుచూపు మేర మానుమానుకూ వేలాడుతున్నాయి. నర్సింగమ్మ ఆ కుళ్లిన ఆకులోనే చతికిలబడింది. మెహమూద్ నోరు తెరిచి "యా అల్లా" అన్నాడు.

"తమ్మీ" అంది ఆమె చివరికి. "గీ చెట్లు ఎవలు వెట్టిన్రు?"

"నువ్వే గదక్కా."

"నేనే గద?"

"నువ్వే. రెండు వందలు నువ్వే వెట్టినవు."

నర్సింగమ్మ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే ఏడ్చింది. అరుణమ్మను జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి ఇక్కడ నిలబెట్టాలి. గుర్వయ్యను చెవి పట్టుకుని చెట్టు చెట్టూ తిప్పాలి. ఏ చెయ్యిరా మంచిది కానిది? రెండు చేతులతో ఒక కాయను పట్టుకుని, కొయ్యకుండా, ఊరికే అట్లా పట్టుకుని ఉండిపోయింది.

అప్పుడే ఇంటి ముందు మోటారు సైకిలు చప్పుడైంది. వచ్చింది సత్తిరాజు. మెహమూద్ తిరిగొచ్చాడని హాలియాలో ఎవరో చెబితే, ఒక కబురు చెప్పిపోదామని వచ్చాడట. ఇక్కడి కొనుగోలు ఎత్తేశామనీ, లారీ ఇక రాదనీ, ఉన్న చెట్లు తీసేసుకోవచ్చనీ. తడిక దాటి రెండడుగులు వేసి, చెప్పాల్సిన కబురు మరిచి నిలబడిపోయాడు.

"ఏం చేశారు? ఏం చేశారండీ ఈ తోటకి?" అని అరిచినంత పని చేశాడు.

మెహమూద్ బెదిరిపోయాడు. "ఏం జెయ్యలే సారు. నేను ఊర్లనే లేను. జర మాఫ్ చెయ్యి, గలీజుగున్నది, రేపే ఊడిపిస్త."

"ముట్టుకోకండి! ఒక్క ఆకు ముట్టుకోకండి!"

సత్తిరాజు కింద కూర్చుని గుప్పెడు ఆకు పైకెత్తాడు. దాంట్లోంచి ఆవగింజంత కూడా లేని దోమలు లేచాయి. అతని మొహం పాలిపోయింది. నిరుడు కంపెనీ తనను కేరళ తోటలకు ట్రైనింగుకు పంపిందనీ, అక్కడ అడుగేస్తే ఆకులో కాలు దిగిపోయిందనీ చెప్పుకొచ్చాడు. ఎందుకు తియ్యరని అక్కడి రైతును అడిగితే అతను తనను పిచ్చివాడిని చూసినట్టు చూశాడట.

"కోకో పువ్వు మీద తేనెటీగ వాలదమ్మా. గాలికి పుప్పొడి అంటదు. ఈ దోమే లోపలికి దూరాలి, దీనివల్లే ఆ పువ్వు పిందె పడుతుంది. ఇది పుట్టేది కుళ్లిన ఆకులోనే. ఆకు తీసేస్తే ఇది లేదు. మందు కొడితే ఇది చస్తుంది. ఇది లేకపోతే పువ్వు మూడో రోజుకి రాలిపోతుంది, అంతే. కేరళ నుంచి వచ్చాక ఇక్కడి సంగతి నాకు తట్టనే లేదు. మా గోదావరి వైపు తోటల్లో ఆకు ఎవరూ ఊడవరు. ఊడుస్తారని..." అతను ఆగాడు. నర్సింగమ్మ వైపు చూసి తల దించుకున్నాడు. "ఊడ్చిన తోట చూసి బాగుందన్నాను."

నర్సింగమ్మకు మొదట వినపడలేదు. విన్నా లోపలికి దిగలేదు. కాసేపటికి దిగింది. ఆరేళ్లు. రోజూ పొద్దున్నే. నడుము నొచ్చినా, జ్వరమొచ్చినా, వాన పడుతున్నా. రాలిన పువ్వు కూడా మిగల్చలేదు. తన తోటను ఎవరో చెడగొట్టారని దిష్టి తీసింది, మొక్కులు మొక్కింది. చెడగొట్టింది తనే. అయ్యో నా తల్లీ, ఎంత పని చేసిన! కాయను పట్టుకున్న చేతులు వెనక్కి తీసుకుంది. ఊరన్నది అబద్ధమనుకుని ఇప్పుడే కదా సంబరపడింది! ఇప్పుడీ మాట ఊరికి తెలిస్తే ఏమంటారు?

సత్తిరాజు తనలో తను మాట్లాడుకుంటున్నాడు. "ఈ నేల పనికిరాదని కంపెనీకి రాసింది నేనే. ఇప్పుడు ఒక్క తోట చూపిస్తే ఏదో గాలివాటం అంటారు. రెండో తోట కావాలి. ఈ మొక్కలతో పాటే పెట్టినవి, అవే నీళ్లు, అదే చెయ్యి. ఏడాది ఊడవకుండా వదిలితే చాలు. మీ చెట్లున్నాయి కదమ్మా?"

"ఉన్నయి. రెండు వందలు ఉన్నయి" అంది నర్సింగమ్మ. ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. "ఒక్కటి గూడ తియ్యలే సారు. ఊరంత తీసినా నేను తియ్యనియ్యలే."

మెహమూద్ ఆమె మొహంలోకి అదోలా చూశాడు.

"అక్కా, మరి పొద్దుగాల కట్టెలు గొట్టే పర్వతాలు ఇంకిద్దర్ని తీస్కొని గొడ్డళ్లతోని మీ తోట దిక్కు పోతుండె. నేనే ఎదురైన. కట్టెలకేమో అనుకున్న."

తొందరేం లేదు, మాపటిదాకా ఉండి రా. ఐలేశం మాట ఆమె చెవిలో మళ్లీ వినపడింది. సత్తిరాజు బండి వైపు పరుగెత్తింది.

ఎద్దు బండి తప్ప ఎక్కి ఎరగని మనిషి, చీర కుచ్చెళ్లు దోపుకుని, పరాయి మగవాడి వెనక మోటారు సైకిలు మీద కాలువ కట్ట వెంబడి పోయింది. దారిలో వరి మడుల్లో ఉన్న ఆడవాళ్లు నడుములెత్తి నోళ్లు నొక్కుకున్నారు. ఆమెకు వాళ్లెవరూ కనపడలేదు. "ఇంకా బిర్ర పోనీ సారూ, బిర్ర పోనీ" అంటూ అతని వీపు మీద చరుస్తూనే ఉంది. మలుపు తిరగకముందే గొడ్డలి దెబ్బలు వినపడ్డాయి.

"ఆపున్రి! ఓ పర్వతాలూ, ఆపున్రి!"

బండి ఆగకముందే దూకింది. మోకాలు చీరుకుపోయింది. లేచి పరుగెత్తింది. తోట చాలావరకు బోసిపోయి ఆకాశం కనపడుతోంది. కొబ్బరి చెట్ల మధ్య తెల్లగా తాజా మొదళ్లు. నరికిన చెట్లు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి, ఆకు ఇంకా వాడలేదు. కొమ్మల నిండా ఆ తెల్ల పూత ఉన్నదున్నట్టే ఉంది. కాలువ పక్క కొసన ఒక గుంపు చెట్లు మాత్రం నిలబడి ఉన్నాయి. ఆమె వెళ్లి పర్వతాలు ఎత్తిన గొడ్డలికీ చెట్టుకూ మధ్య నిలబడింది. పర్వతాలు గొడ్డలి గాల్లోనే ఆపి, బిత్తరపోయి దించాడు.

ఐలేశం దొంగలా దొరికిపోయిన మొహంతో వచ్చాడు. "నువ్వు జూడొద్దనే పంపిన. నీకు కష్టమైతదని" అన్నాడు. "నిన్ను దినాం అందరు అట్ల అంటుంటే నేను వినలేక..."

"మెహమూద్ తోట కాసింది" అందామె.

"ఏంది?"

"కాసింది. మానుమానుకు కాసింది. పదహారు నెలలు ఎవలు ఊడ్వక, ఎవలు మందు గొట్టక కాసింది. నేను వెట్టిన చెట్లే. నేను ఊడ్సుడే పాపమైంది. కుళ్లిన ఆకుల పుట్టే పురుగే దాన్ని గాయిస్తదట. ఆరేండ్లు నేనే దాన్ని సంపుకుంట వచ్చిన."

ఐలేశం సత్తిరాజు వైపు చూశాడు. అతను అవునన్నట్టు తల ఊపాడు. ఐలేశం చేతిలో గొడ్డలి జారి కింద పడింది. చుట్టూ ఉన్న మొదళ్లను ఒక్కొక్కటే చూసుకుంటూ, లెక్క పెట్టబోయి, పెట్టలేక, నెత్తి మీద చేతులు పెట్టుకుని కూలబడ్డాడు.

"నువ్వు ఊడ్సినవు. మందు గొట్టింది నేను గద" అన్నాడు. "నువ్వు నిన్ననే గా తోట జూసినా ఒక మాట, నేను ఎల్లుండి కొట్టినా ఒక మాట. ఇయ్యాల్నే ఎందుకు వట్టిన గొడ్డలి!" మగవాడు అట్లా ఏడవడం పర్వతాలు ఎన్నడూ చూడలేదు. గొడ్డలి భుజాన వేసుకుని దూరంగా వెళ్లి నిలబడ్డాడు.

సత్తిరాజు నిలిచి ఉన్న చెట్లు లెక్కపెట్టాడు. ముప్పై ఒకటి. మొదళ్లు తవ్వొద్దనీ, వాటికి చిగుళ్లు వస్తాయనీ, కాపుకు మాత్రం మూడేళ్లు పడుతుందనీ చెప్పాడు. సంచిలోంచి రిపోర్టు పుస్తకం తీశాడు.

"ముప్పై ఒకటైనా చాలు. రెండో తోటగా రాస్తాను. వచ్చే ఏడు ఇవి కాస్తే లారీ ఎందుకు పంపరో నేనూ చూస్తాను. కోకో రైతులందరికీ వెళ్లే కాగితంలో కూడా వేయిస్తాను" అన్నాడు.

ఐలేశం కళ్లు తుడుచుకుని లేచాడు. "సారూ, గట్లయితే ఒక మాట రాయి. రెండు తోటలు పెట్టింది నా పెండ్లామేనని రాయి. ఆమె చెయ్యి మంచిదని రాయి. గా కాగితం తెచ్చి చాయ్ హోటల్ గోడకు అంటిస్త. గుర్వయ్యతోని సదివిస్త."

ఇన్ని నెలలుగా నర్సింగమ్మ ఎదురుచూసిన మాట అదే. అచ్చులో తన పేరు, తన చెయ్యి మంచిదని. నరికిన చెట్ల వైపు చూసింది, మళ్లీ సత్తిరాజు వైపు తిరిగింది.

"నేను ఊడ్సింది గూడ రాయి సారు."

"రాస్తానమ్మా. తెలియక కొందరు రైతులు ఊడ్చారని రాస్తాను. మీ పేరెందుకు అందులో?"

"కొందరు రైతులంటే ఎవలకు తగులుద్ది? సదివినోళ్లు పక్కోళ్లను అనుకుంటరు. నా పేరు వెట్టు. మా ఊరి పేరు వెట్టు. నర్సింగమ్మ దినాం ఊడ్సి ఊడ్సి ఆరేండ్ల పూత పోగొట్టుకున్నదని రాయి. లేకుంటె ఇంకో ఊర్ల ఇంకో ఆడామె గిట్లనే ఊడుస్తది సారు. దాని చెయ్యి గూడ మంచిది కాదంటరు."

సత్తిరాజు కలం కాగితం మీద పెట్టి, రాయకుండా అట్లాగే ఉన్నాడు.

"అది రాస్తే, బాగుందని మెచ్చుకున్నది నేనని కూడా రాయాలి కదమ్మా. నలభై తోటలవాళ్లకీ చెప్పింది నేను. నా ఉద్యోగం..."

"రాయి బిడ్డా" అంది నర్సింగమ్మ.

సత్తిరాజు పక్కనే ఉన్న మొదలు మీద కూర్చుని, పుస్తకం మోకాలి మీద పెట్టుకుని, ముందు తన పేరే రాశాడు.